రెండు రోజుల పుట్టిల్లు

అనంతగిరి గుట్టల మీద మంచు ఎంత చిక్కగా ఉంటుందంటే, ఒకసారి స్నానం చేసి నా తడి కండువా దాని మీద ఆరేశాను. ఎండెక్కి మంచు కదిలిపోయింది. దాంతోపాటు కండువా కూడా పోయింది. సాయంత్రం తాండూరు స్టేషన్‌లో రైలు దిగుతున్న ఒక పెద్దమనిషి మెడలో కనబడింది. నమ్మకపోతే మా ఊళ్ళో ఎవరినైనా అడగండి, అందరూ ఇదే చెబుతారు. వాళ్ళకు చెప్పింది నేనే.

నా పేరు పాండురంగం. దౌల్తాబాద్ దగ్గర పల్లె మాది. ఊరి బడిలో చదివినంత చదివి, కంది చేనులో దిగి, ఇంతవరకు బయటికి రాలేదు. నా భార్య ఈశ్వరమ్మ నేను చెప్పే పది మాటల్లో ఒకటి నమ్ముతుంది. ఆ ఒకటి ఏదో కూడా తనే ఎంచుకుంటుంది. ఇన్నేళ్ళూ దీనివల్ల మాకు నష్టమేమీ జరగలేదు. మొన్న వానాకాలంలో మాత్రం ప్రాణం మీదికి వచ్చింది.

బోరు మోటరు కాలిపోతే వైండింగ్‌కు ఇద్దామని తాండూరు పోయాను. అది అయ్యేదాకా చాయ్ హోటల్లో కూర్చుంటే, మా బామ్మర్ది పరశురాం వెతుక్కుంటూ వచ్చాడు. ఈశ్వరమ్మకు ఒక్కడే తమ్ముడు. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ నడుపుతాడు. ఎప్పుడు చూసినా కనుబొమ్మల మీద తెల్లటి రాతిపొడి ఉంటుంది. ఒకప్పుడు ఇద్దరు మోయాల్సిన బండను ఒక్కడే ఎత్తి లారీలో వేసేవాడు. అట్లాంటివాడు రోడ్డు దాటి వచ్చి, బెంచీ మీద కూలబడి, ఊపిరి అందేదాకా నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"బావా, నీతోని ఒక మాట."

"నాలుగేండ్ల నుంచి మాటల్లేవు. దాచిపెట్టి దాచిపెట్టి ఒకటే తెచ్చినవా?"

వాడు నవ్వలేదు. "గుండె నరాలు మూడు మూసుకపోయినయంట. సోమవారం పట్నంల ఆపరేషన్."

నా నోట్లో ఇంకో ఎకసెక్కం సిద్ధంగా ఉండింది. చాయ్‌తో పాటు దాన్నీ మింగేశాను.

"అక్కకు చెప్పకు," అన్నాడు.

"ఎందుకు చెప్పద్దురా?"

"చెప్తె ఉరికొస్తది. నేను చస్తనేమో అని వస్తది. నాకు అక్క రావాలె గని, అక్క భయం రావద్దు." బెంచీ మీద నాకు దగ్గరగా జరిగాడు. "అమ్మ పోయిన కాడి నుంచి అక్కకు ఒడి బియ్యం పొయ్యలే బావా. అవి పొయ్యకుంట ఆ బల్ల మీద పండుకుంటె, నాకు మత్తు సూది గూడ ఎక్కదు."

మా వైపు కానివాళ్ళ కోసం చెబుతున్నాను. పెళ్ళయిన ఆడబిడ్డను కొన్నేళ్ళకోసారి పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం కొంగులో పోసి పంపుతారు. ఆమె ఆ బియ్యాన్ని తన ఇంటికి తెచ్చి, వండి, నలుగురినీ పిలిచి తినిపిస్తుంది. పుట్టింటి పొయ్యి ఇంకా వెలుగుతోందని, అక్కడ ఆమెకు పీట ఉందని దాని అర్థం.

మరి పోయడానికి అడ్డమేమిటంటారా? నాలుగేళ్ళ కింద పరశురాం తాండూరులో కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి అందరినీ ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచాడు. సొంత అక్కనేమో, మన అక్కే కదా అని, ఫోన్లో కార్డు పంపి ఊరుకున్నాడు. ఆ కార్డులో గులాబీ పువ్వు విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటుంది. ఈశ్వరమ్మ దాన్ని మూడుసార్లు విచ్చుకోనిచ్చి, "బొట్టు పెట్టి పిలవని గడప, నేను బతికుండంగ తొక్క" అంది.

వాడు మిఠాయి డబ్బా పట్టుకుని బతిమాలడానికి వచ్చాడు. ఈమె మాట్లాడకుండా నీళ్ళ చెంబు తెచ్చి ఠంగుమని కింద పెట్టింది. వాడికీ ఆ తల్లి పాలే కదా! "అయితె నీ ఇంట్ల నేను మంచినీళ్ళు గూడ ముట్ట" అని లేచిపోయాడు. ఆ మిఠాయి కొడంగల్ బస్టాండ్‌లో కుక్కలకు పెట్టాడు. ఆ కుక్కలు ఈనాటికీ మా ఊరి బస్సును చూసి తోకాడిస్తాయి.

ఇదీ ముడి. ఆమె వాడి గడప తొక్కదు. వాడు ఈమె ఇంట్లో నీళ్ళు ముట్టడు. ఆపరేషనేమో సోమవారం.

గుడిలో పోద్దామా అని పరశురాం భార్య భాగమ్మను ఫోన్లో అడిగాను.

"గుడిల పోస్తె దేవుడు పోసినట్టయితది అన్నా. తమ్ముడు పోసినట్టెట్లయితది? ఇల్లుండాలె. పొయ్యి మీద మా పాలు పొంగాలె. గడప దాటి వదినె లోపలికి రావాలె."

అప్పుడు మా మనవరాలు ప్రణవి గుర్తుకొచ్చింది. పట్నంలో ఉద్యోగం చేస్తుంది. పోయిన ఏడాది స్నేహితులతో కలిసి అనంతగిరి గుట్టల్లో ఎవరిదో ఇల్లు అద్దెకు తీసుకుని రెండు రోజులు ఉండి వచ్చింది. ఫోన్ చేశాను.

"బిడ్డా, గట్ల అద్దెకు తీస్కుంటె, ఆ రెండు రోజులు అది ఎవరిల్లు?"

"మనదే తాతా. వంట గూడ మనమే చేస్కోవచ్చు. ఓనర్లు ఆ దిక్కే రారు."

నా బుర్రలో దీపం వెలిగింది. ఈశ్వరమ్మ ఒట్టు పెట్టుకున్నది తాండూరు గడప మీద. గుట్ట మీది గడప మీద కాదు. పరశురాం ఒట్టు మా ఊరి నీళ్ళ మీద. గుట్ట నీళ్ళ మీద కాదు. రెండు రోజులకు వాణ్ణి అక్కడ ఇంటివాణ్ణి చేస్తే సరి! ఇంత తెలివి నాకు బడిలో ఉన్నప్పుడే ఉంటే పంతులు చేతిలో బెత్తం అరిగేది కాదు.

ఇక ఇల్లు వెతకడం మొదలైంది. ప్రణవి ఫొటోలు పంపడం, నేను భాగమ్మకు వర్ణించడం, ఆమె కాదనడం. ఒక ఇంట్లో ఈత కొట్టే కొలను అన్నారు, చూస్తే మా బర్రెల తొట్టికంటే చిన్నది. ఇంకొకటి నిలువునా అద్దాలే. అందులో స్నానం చేస్తే వికారాబాద్ దాకా కనబడుతుంది. ఒకటి గుడారం. "గుడారానికి గడపేది అన్నా?" అని అడిగింది భాగమ్మ. ఇంకొకటి అన్ని విధాలా బాగుంది కానీ, ఎక్కడానికి మెట్లున్నాయి. మెట్లెక్కితే పరశురాం నిలబడలేడు. ఒక్కొక్క ఇల్లూ పోతుంటే శనివారం దగ్గరికి వస్తోంది. నాకు అన్నం సయించడం మానేసింది. ఈశ్వరమ్మ నా కంచం చూసి, నా మొహం చూసి, మళ్ళీ కంచం చూసేది.

చివరికి ఒకటి దొరికింది. తాండూరు బండ పరిచిన అరుగు, నేలకు సమంగా ఇల్లు, వంటగది. ప్రణవి ఆ ఇంటివాళ్ళకు ఫోన్ చేసి, "మీ ఇంటికి గడప ఉన్నదా?" అని అడిగిందట. ఎన్నో ఏళ్ళుగా అద్దెకిస్తున్నాం, ఈ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వే అన్నారట. ఉంది. రాతి గడప.

"నీ ఆధార్ నా ఫోన్ల ఉన్నది గద తాతా, దానితోనే బుక్ చేసేసిన," అంది ప్రణవి.

"సల్లగుండు బిడ్డా," అన్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఈశ్వరమ్మను కదిలించడం ఇంకో ఎత్తు. విత్తనాల కంపెనీవాళ్ళు జిల్లాలోకెల్లా అందమైన రైతుకు గుట్ట మీద రెండు రోజులు ఉచితంగా ఇస్తున్నారని చెప్పాను. ఆమె అద్దం తెచ్చి నా ముందు పెట్టి పోయింది. అప్పుడు ప్రణవి పంపుతోందన్నాను.

"మనవరాలు పంపుతె వస్త. నువ్వు పంపుతెనే అనుమానం," అంది.

ఏర్పాటు ఇదీ. పరశురాం, భాగమ్మ తాండూరు నుంచి డ్రైవర్‌ను పెట్టుకుని కారులో పొద్దున్నే వచ్చి, పొయ్యి వెలిగించి, పాలు పొంగించి ఉంటారు. మేము పరిగి మీదుగా బస్సులో వికారాబాద్ చేరి, ఆటోలో గుట్టెక్కేసరికి, వాడు కుంకుమ భరిణె పట్టుకుని గడప లోపల నిలబడి ఉంటాడు. అక్కను చూస్తాడు. బొట్టు పెడతాడు. ఆమె లోపలికి వస్తుంది. రాకపోతే? రాకపోతే ఏం చేయాలో మాలో ఎవరూ అనుకోలేదు. అనుకోవడానికి ధైర్యం చాలలేదు.

శనివారం సన్నటి జల్లు. ఆటో దిగేసరికి గేటు ముందు కారు లేదు. ఇల్లు చూసుకునే ప్రేమ్‌సాగర్ అనే మనిషి గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. గేటు పక్కన నల్ల పలక ఒకటి నిలబెట్టి, దాని మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలతో రాశాడు: "ఈ రెండు రోజులు ఇది పాండురంగం గారి ఇల్లు. స్వాగతం." చుట్టూ తీగలు, పువ్వులు కూడా గీశాడు.

"ఎవరు దిగినా వాళ్ళ పేరు రాస్తం పెద్దాయనా. మా పద్ధతి," అన్నాడు.

అంత పెద్ద అక్షరాలతో నా పేరు ఎక్కడా చూసుకోలేదు. పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాను. మీసం దువ్వుకుని ఇంకొకటి తీయించుకున్నాను. వెర్రివాణ్ణి.

అప్పుడు ఫోన్ మోగింది. భాగమ్మ. మాట తెగి తెగి వస్తోంది. "అన్నా... ధారూర్ కాడ ఆగినం... ఆయనకు ఆయాసమొచ్చింది... సీటు మీద పండుకోబెట్టిన... దవాఖానకు పోదామంటె ఇనడు, గుట్టకే పోవాలంటున్నడు..."

"జర పైలం చెల్లె. మెల్లగ రాండ్రి," అని పెట్టేశాను.

"ఎవరు?" అంది ఈశ్వరమ్మ.

"రాంగ్ నంబర్."

"రాంగ్ నంబరోళ్ళను చెల్లె అంటవా?"

"గొంతు మంచిగున్నది."

ఆమె సంచి భుజానికెత్తుకుని ఇంటివైపు కదిలింది. నేను అడ్డంగా పోయి అరుగు మీద కూర్చున్నాను. వాడు రాకముందే ఈమె లోపలికి పోతే పిలిచేదెవరు? "ఆగాగు. ఇంట్లకు ఇప్పుడే పోవద్దు. మనకంటె ముందు దిగిన ఎలుగుబంటి ఇంక ఖాళీ చెయ్యలేదంట."

"ఏందీ?"

"అవునే. సీతాఫలాల కాలంల ఆడ ఎలుగు ఒకటి ఈ ఇల్లు తీస్కున్నది. పిల్లలతోని ఉన్నది. ప్రేమ్‌సాగర్ పోయి ఖాళీ చెయ్యమంటె, పిల్లల పరీక్షలు అయిపోనియ్యమన్నదట."

మామూలు రోజైతే ఆమె పెదవి చివర కొంచెం కదిలేది. ఆ రోజు నన్నే తేరిపార చూసింది.

"నీకేమన్న దాపరికం ఉన్నప్పుడే నీ కథలల్ల పిల్లలొస్తరు," అంది. "జరుగు. నా పెనిమిటి పేరు బయట రాసున్నది. నా ఇంట్లకు పోవడానికి ఎలుగును అడగాల్నా? ఉంటె దానికి గూడ చాయ్ పోస్త."

కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అరుగు మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉండిపోయాను. లోపల గిన్నె చప్పుడు. లైటర్ టిక్కుమంది. కాసేపటికి పాలు కాగే వాసన. అప్పుడు ఆమె అన్న మాట నా చెవిలో మళ్ళీ మోగింది. నా ఇంట్లకు.

పలక వైపు చూశాను. పాండురంగం గారి ఇల్లు. పాండురంగం గారి ఇల్లంటే ఈశ్వరమ్మ ఇల్లు! పొయ్యి వెలిగించింది ఈశ్వరమ్మ. పాలు పొంగించింది ఈశ్వరమ్మ. దౌల్తాబాద్ నుంచి మా ఇంటినే ఎత్తుకొచ్చి గుట్ట మీద పెట్టాను. వాడు మంచినీళ్ళు కూడా ముట్టనన్న ఇల్లు. ఆమె వాడి గడప దాటుతుందా లేదా అని అన్ని రోజులు బెంగపడ్డాం. వాడు ఎవరి గడప దాటాలో ఒక్కరమూ చూసుకోలేదు.

గేటు దగ్గరికి ఉరికాను. చెయ్యి తడిచేసి పలక తుడవబోతే ప్రేమ్‌సాగర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యో పెద్దాయనా, పొద్దటి సంది గీసిన! పువ్వులు చూడు!"

అంతలోనే కారు మలుపు తిరిగింది.

కండువా విప్పి పలకకు అడ్డంగా నిలబడ్డాను. నేను సన్నటి మనిషిని. "పాండు" ఒక పక్కన, "ఇల్లు" ఇంకో పక్కన బయటికి కనబడుతూనే ఉన్నాయి.

పరశురాం తలుపు పట్టుకుని దిగాడు. మొహం పాలిష్ చేయని బండలాగా ఉంది. ఆ రోజు రాతిపొడి లేదు, ఆ రంగు చర్మానిదే. చేతిలో కుంకుమ భరిణె. వెనక భాగమ్మ బియ్యం మూట, చీర పట్టుకుని దిగింది.

"బావా, పక్కకు జరుగు."

"ఎందుకురా, వాన పడుతున్నది, లోపలికి నడువు..."

"జరుగు బావా."

జరిగాను. వాడు పలక చదివాడు. ఇంటి వైపు చూశాడు. అప్పుడే ఈశ్వరమ్మ రెండు చాయ్ గ్లాసులతో గడప మీదికి వచ్చింది. తమ్ముణ్ణి చూసింది. గ్లాసులు అట్లాగే చేతిలో ఉండిపోయాయి. నాలుగేళ్ళ తరువాత వాళ్ళిద్దరి మధ్య నలభై అడుగుల ముంగిలి, అందులో సన్నటి వాన.

"పొయ్యి వెలిగినట్టున్నది," అన్నాడు వాడు నాతో, ఆమె మీది నుంచి చూపు తిప్పకుండా. "అక్క ఇల్లే ఇది."

"పేరుదేమున్నదిరా, పిల్ల తెల్వక నా పేరుతోని బుక్ చేసింది. నువ్వు లోపలికి రా, అన్నీ చెప్త."

"నేను ఇంటాయన లెక్క రావాలన్నవు. సుట్టం లెక్క ఎట్ల పొయ్యాలె బావా ఒడి బియ్యం? ఆమె ఇంట్ల ఆమెకే..." మాట ఆగిపోయింది. గేటు కమ్మీ పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట, వాన కాదు. భాగమ్మ మూట కారు మీద పెట్టి, సంచిలో చెయ్యి పెట్టి గోలీల అట్ట బయటికి లాగింది. నీళ్ళ సీసా తీసి ఊపింది. ఖాళీ. ధారూర్ దగ్గరే అయిపోయింది.

ఈశ్వరమ్మ గ్లాసులు అరుగు మీద పెట్టి లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చింది. వానలో నడిచి గేటు దాకా వచ్చింది. చెంబు చాపింది. ఆ రోజు మా ఇంట్లో పెట్టినట్టు కింద మాత్రం పెట్టలేదు.

పరశురాం చెంబు చూశాడు. గోలీ వాడి అరచేతిలో తడుస్తోంది.

"నీ ఇంట్ల ముట్టనన్న గదక్కా," అన్నాడు. మొండితనంతో అన్నాడో, భయంతో అన్నాడో నాకు తెలియలేదు. రేపెల్లుండి బల్లెక్కేవాడికి ఒట్టు తప్పడమంటే ఎంత భయమో అప్పుడు అర్థమైంది.

ఆమె నా వైపు తిరిగింది. "ఏమైంది వీనికి?"

వాడు తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని.

"సోమవారం గుండె కోస్తరు," అన్నాను.

"నీ కథలు ఇప్పుడు పెట్టకు."

"కథ గాదే. మూడు నరాలు మూసుకపోయినయ్."

"నోర్ముయ్! మనిషి నిలబడలేకున్నడు, నీకు ఎకసెక్కాలా?" కళ్ళెర్రజేసింది.

జన్మలో మొదటిసారి ఆమె నా మాట నమ్మాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఎట్లా చెబితే నిజంలాగా ఉంటుందో నాకు తెలియలేదు. అబద్ధానికైతే వంద దారులు తెలుసు. "ఇందుల ఎలుగు లేదు, దాని పిల్లలు లేరు, ఈశ్వరమ్మా," అన్నాను.

ఆమె భాగమ్మ వైపు చూసింది. భాగమ్మ ఏడుస్తూ తల కిందికీ పైకీ ఊపింది.

ఆ తరువాత ఈశ్వరమ్మ చేసినంత వేగంగా పని చేసిన మనిషిని నేను చూడలేదు. లోపలికి పోయింది. పొయ్యి ఆర్పిన చప్పుడు. కాచిన పాల గిన్నె, చాయ్ గ్లాసులు తెచ్చి ప్రేమ్‌సాగర్ చేతుల్లో పెట్టి, "నీ ఇంటికి తీస్కపో నాయనా" అంది. తన సంచి, నా సంచి తెచ్చి గేటు బయట రోడ్డు మీద పెట్టింది. తలుపు దగ్గరికేసి గొళ్ళెం పెట్టింది. తలుపు పక్కన మేకుకున్న తాళంచెవి తీసి తమ్ముడి చేతిలో పెట్టి వాడి వేళ్ళు మూసింది. పలక దగ్గరికి వచ్చి, కొంగుతో నా పేరు తుడిచేసింది. పువ్వులతో సహా.

"రాయి నాయనా. పరశురాం ఇల్లు అని రాయి. పెద్దగ రాయి."

ప్రేమ్‌సాగర్ పాల గిన్నె పక్కన పెట్టి, గొడుగు భుజం మీద వాల్చుకుని, తడి పలక మీద సుద్ద గీరుకుపోతుంటే ఒత్తి ఒత్తి రాశాడు.

ఈశ్వరమ్మ గేటు దాటి రోడ్డు మీద, సంచుల పక్కన నిలబడింది. నన్నూ చేయి పట్టి ఇవతలికి లాగింది. "భాగమ్మా, తలుపు తియ్యి. మీ ఇంట్లకెల్లి నీళ్ళు తెచ్చి వానికియ్యి. ముందు గోలీ మింగుమను."

భాగమ్మ తాళంచెవి లేకుండానే గొళ్ళెం తీసి, లోపలికి పోయి, నీళ్ళు తెచ్చింది. అదే నల్లా, అదే చెంబు. పరశురాం గోలీ వేసుకుని గటగటా తాగాడు. అరుగు మీద కూర్చున్నాడు. మేమంతా వాడి ఛాతీ వైపే చూస్తున్నాం, అది ఎగిరిపడడం ఎప్పుడు తగ్గుతుందా అని. ఎక్కడో నెమలి అరిచింది. చాలాసేపటికి వాడి భుజాలు కిందికి దిగాయి.

"దవాఖానకు పోదాం నడువు," అంది ఈశ్వరమ్మ రోడ్డు మీది నుంచే. "డ్రైవర్ ఉన్నడు, కారున్నది."

"పోత. సోమవారం పోత. గిప్పుడు మంచిగనే ఉన్నది."

"గట్లయితె లేవకు, ఆడనే కూసో. కూసోని ఇను. గిది నీ ఇల్లేనా?"

"రెండు రోజులు నాదే."

"గా తాండూరు గడప తొక్కనన్న. గిది ఆ గడప గాదు గద?"

"కాదక్కా."

"మరి ఆడిబిడ్డ బయట వానల తడుస్తుంటె ఏం చూస్తున్నవ్? బొట్టు పెట్టి పిలువు. ఫోన్ల గాదు."

లేవకు అన్నది ఆమే. అయినా వాడు లేచాడు. ఒక చేత్తో భాగమ్మ భుజం పట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేసుకుంటూ గేటు దాకా వచ్చాడు. కుంకుమ తడిసి ముద్దయింది. వాడి వేలు వణికి బొట్టు సగం నుదుటి మీద, సగం ముక్కు మీద పడింది.

"అక్కా, మా ఇంటికి రా," అన్నాడు.

ఆమె రాత్రి పడుకునేదాకా ముక్కు మీది కుంకుమ తుడుచుకోలేదు. నేను రెండుసార్లు గుర్తు చేశాను. రెండుసార్లూ తిట్టింది.

భాగమ్మ పాలు పొంగించింది. ఈశ్వరమ్మను పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీర కొంగు పట్టించింది. పసుపు బియ్యం, ఎండు ఖర్జూరాలు, ఎండుకొబ్బరి కుడుక ముక్కలు. పరశురాం కుర్చీలో ముందుకు వంగి దోసిళ్ళతో పోస్తున్నాడు. ఒక్కో దోసిలికీ ఊపిరి కూడదీసుకుంటున్నాడు. చాలు చాలు అంటోంది ఈమె. చాలదంటున్నాడు వాడు. ఇచ్చినవాళ్ళింట్లో కొన్ని బియ్యం మిగిల్చి రావాలి కదా, ఆమె గుప్పెడు తీసి పళ్ళెంలో వేయబోయి, ఆగి, ఇంకో గుప్పెడు, మళ్ళీ ఇంకో గుప్పెడు వేసింది.

"అన్ని ఎందుకు వదినా?" అంది భాగమ్మ.

"ఉండనీ. వాని ఇంట్ల ఉండనీ."

ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. పరశురాం కారు అటునుంచి అటే పట్నం పోతుంది. ఈశ్వరమ్మ ఒడిబియ్యం మూట చంకలో పెట్టుకుని కారు అద్దం దగ్గర నిలబడింది.

"ఈ బియ్యం వండుత అనుకుంటున్నవేమో. వండ."

"గదేంది అక్కా? వండి నలుగురికి పెట్టాలె గద!"

"నువ్వొచ్చి మా ఇంట్ల కూసున్ననాడే ఎసరు పెడత. అప్పటిదాంక అట్లనే ఉంటయి. పురుగు పట్టినా నీదే పాపం."

పరశురాం అద్దం ఇంకాస్త దించాడు. "నీ ఇంట్ల నీళ్ళు ముట్టనన్న గదక్కా."

"నీళ్ళు ముట్టకు. అన్నం తిను."

కారు మలుపు తిరిగేదాకా నిలబడింది. ప్రేమ్‌సాగర్ పలక తుడవడానికి వచ్చాడు. చెక్అవుట్ టైం కాలేదు గదా అని ఆమె గద్దించింది. మా ఆటో కదిలేదాకా అది పరశురాం ఇల్లే.

మూట మా ఇంట్లో దూలానికి వేలాడుతోంది. సోమవారం ఈశ్వరమ్మ తినలేదు, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం బర్రెల దగ్గరికి పోయిన కాసేపట్లోనే అది మోగింది. నేనే ఎత్తాను. భాగమ్మ.

పాకలోకి ఉరికాను. "కళ్ళు తెరిచిండంట! అక్క బియ్యం వండలే గదా అని అడిగిండంట!"

ఆమె పాలు పితకడం ఆపలేదు. "నువ్వు చెప్తె నమ్మ. భాగమ్మతోని మాట్లాడిపియ్యి."

ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాను. చాలాసేపు వింది. ఊఁ అంది, ఊఁ అంది. తరువాత లేచి, చేతులు కడుక్కుని, ఇంట్లోకి వచ్చి మూట దించింది. చేటలో పోసి, పురుగేమైనా ఉందేమోనని వేళ్ళతో కదిపి చూసి, కుడుక ముక్కలు పక్కకు తీసి, మళ్ళీ మూట కట్టింది.

"పైకి కట్టు," అంది నాతో. "గట్టిగ కట్టు. వాడు నడిచొచ్చెటందుకు ఇంక టైం పడుతది."